సీజన్ కాని నెలలు

జూలై 12, 2008, శనివారం

ఈ ఊరికి వచ్చి ముప్పై అయిదు రోజులయింది. ఎవరు పరిచయమైనా మొదటి మాట ఒకటే: “మార్చిలో రావాల్సింది.” స్టోర్ కీపర్ భార్య అంది. ఆస్పత్రి నర్సు జాయ్సీ అంది. కూరగాయలమ్మే బంగ్లాదేశీ అయితే వేళ్లు లెక్కపెట్టి మరీ చెప్పాడు, మార్చి, ఏప్రిల్, మే అని. ఆ మూడు నెలలూ ఇక్కడి సముద్రంలోకి వేల్ షార్కులు వస్తాయి. బస్సంత చేప, ఒంటి నిండా తెల్లచుక్కలు, మనిషిని ఏమీ చేయదు. ఇంకాస్త లోపలికి పోతే ఒక్కోసారి అసలు తిమింగలాలే కనిపిస్తాయట. వాటి కోసం జెద్దా నుంచి తెల్లవాళ్లు వచ్చి, ఒడ్డున లాడ్జి గదులు నింపేసి, పడవలెక్కి వెళ్లి చూసి, ఫొటోలు తీసుకుని పోతారు. చివరి పడవ మే ముప్పైన తిరిగొచ్చింది. మేం జూన్ ఏడున దిగాం.

రియాద్‌లో, మలాజ్ పేటలో ఉన్న ఆరేళ్లూ కిటికీ తీస్తే ఎదురింటి గోడే. నాకు సముద్రం కావాలని మావారు హేమసుందర్ అడిగి మరీ ఈ నీళ్ల ప్లాంటుకు బదిలీ చేయించుకున్నారు. ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే ప్లాంటు. ఆయన షిఫ్ట్ ఇంజనీరు. ఇప్పుడు కిటికీ తీస్తే సముద్రమే. తీసిన పది నిమిషాలకు అప్పడాలు మెత్తబడిపోతాయి.

ఆయన వెళ్లాక ఇల్లు ఊడ్చాను. పదింటికి మళ్లీ ఊడ్చాను. వంటింటి అరలు మార్చి సర్దాను. మధ్యాహ్నానికి ముందున్నదే బాగుందనిపించి మళ్లీ మార్చాను.

పాస్‌పోర్టు సంగతి ఇవాళ రాయను.

జూలై 13

మూడుసార్లు స్నానం. గాలి లేదు.

జూలై 16, బుధవారం

క్వార్టర్స్ వెనక గేటు నుంచి ఒడ్డు వెంట పావుగంట నడిస్తే లాడ్జి. ఆరు గదులకూ తాళాలు. ఇసుక మీదికి లాగి బోర్లించిన రెండు పడవలు. కాపలాకి మస్తాన్ వలీ ఒక్కడు. యాభై అయిదేళ్లుంటాయి. రాయచోటి మనిషి, ఇరవై రెండేళ్లుగా ఇక్కడే. నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడుతుంటే విని గట్టు దిగి వచ్చేశాడు.

“మార్చిలో వచ్చింటే సూపిచ్చేవాణ్ని కదమ్మా.”

“ఇప్పుడేం చూడాలి?”

“ఇప్పుడా? నన్ను సూడాల, ఈ పడవల్ని సూడాల.”

నవ్వొచ్చింది. ఎన్నాళ్లయిందో.

వలీకో చిక్కు వచ్చిపడింది. లాడ్జి యజమాని జెద్దాలో ఉంటాడు. రంజాన్ పండక్కి గదులు ఇవ్వాలని అతనికి కొత్తగా పుట్టింది. సీజన్ కానప్పుడు ఈ ఊళ్లో ఏమేం చేయొచ్చో ఇంగ్లీషులో ఒక కాగితం తయారుచేసి పంపమన్నాడట.

“ఇంగ్లీసు మాట్లాడేదొస్తాది గానీ రాసేది రాదు నాకు. మీరు బాగా సదువుకున్నోళ్ల మాదిరి ఉండారు. ఓ నాలుగు ముక్కలు రాసియ్యండమ్మా.”

రాసిస్తానన్నాను. ఇంటికొచ్చేదాకా ఆ మాటే, బాగా చదువుకున్నోళ్ల మాదిరి.

జూలై 18, శుక్రవారం

కాగితం మొదలుపెట్టాను. సముద్రం మీద సూర్యోదయం చూడవచ్చు అని రాశాను. భీమిలిలో పెరిగిన బుద్ధి! ఇక్కడ సూర్యుడు ఊరి వెనక లేచి సముద్రంలో మునుగుతాడు. కొట్టేశాను. సూర్యాస్తమయం చూడవచ్చు, దుమ్ము లేని రోజున. చేపల వేలం చూడవచ్చు, మగవాళ్లయితే. పాత కోట చూడవచ్చు, తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలిస్తే. ఒడ్డున నడవవచ్చు, పొద్దున ఆరు లోపల, నల్లటి అబాయా చెమటకు కాళ్లకు చుట్టుకోకుండా ఒక చేత్తో ఎత్తిపట్టుకుని. గవ్వలు ఏరవచ్చు. ఏరినవి పారబోయవచ్చు.

ఆయన వెనక నిలబడి చదివారు. “ఇది చూస్తే ఊళ్లో ఉన్నవాళ్లు కూడా ఖాళీ చేస్తారు.”

చింపేసి మళ్లీ రాశాను. ఈసారి ఉత్తరం వైపు మడచెట్ల గురించి రాశాను. నీళ్లు వెనక్కి పోయినప్పుడు బురదలో గెంతే చేపలు, పటకారు లాంటి ముందుకాలు ఒకటే పెద్దదిగా ఉండి దాన్ని ఊపి ఆడపీతను పిలిచే పీతలు, కరెంటు స్తంభం మీద గూడు కట్టిన చేపల గద్ద. వాటిని ఏ గంటకు, ఎక్కడ నిలబడి చూడాలో. మూడు పేజీలయింది. పేర్లు ఒకదాని వెంట ఒకటి వచ్చేశాయి.

సాయంత్రం తీసుకెళ్లి ఇచ్చేశాను. మస్తాన్ వలీ కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు.

జూలై 22, మంగళవారం

బాలామణి మేడమ్ నుంచి మళ్లీ మెయిల్. ‘ఉజ్వలా, రీ-రిజిస్ట్రేషన్‌కు సెప్టెంబరు 30 ఆఖరు. నువ్వు స్వయంగా రావాలి. నాకు మూడేళ్ల సర్వీసే ఉంది. కొత్తవాళ్లను తీసుకోవడం మానేశాను. నీ చోటు ఒక్కటే అట్టిపెట్టాను.’

మేడమ్ దగ్గర మూడేళ్లు పనిచేశాను విశాఖలో. భీమిలి నుంచి కళింగపట్నం దాకా ఒడ్డుకు కొట్టుకొచ్చే డాల్ఫిన్లు, తిమింగలాల మీద నా పరిశోధన. నెలకు రెండుసార్లు అవే ఒడ్లు నడవాలి, ఏమేం పడి ఉన్నాయో కొలిచి రాయాలి. ఇంకో ఏడాదిలో థీసిస్ అయిపోయేది. పెళ్లయి సౌదీ వచ్చేయడంతో ఆగిపోయింది.

అమ్మ ఫోన్ చేసింది. “అల్లుడుగారు పంపుతారంటావా?”

“చూడాలమ్మా.”

“మొదటే పంపనివారు ఇప్పుడేటి పంపుతారే.”

ఊరి సంగతులడిగి మాట మార్చేశాను.

జూలై 23

ఆయన వీసా సంగతి ఇంకా ఏమీ తేల్చలేదు.

జూలై 24

నిన్న రాసింది అబద్ధం. ఎవరూ చదవని పుస్తకంలో అబద్ధం రాసి నేను ఎవరిని మోసం చేస్తున్నట్టు?

జూలై ఎనిమిదినే ఆయన నా పాస్‌పోర్టు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టారు. వెళ్లి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా కొట్టించి ఉంది. సెప్టెంబరు 20 లోగా దేశం దాటాలి. “టికెట్ ఎప్పటికి తీయమంటావు?” అన్నారు. “చూద్దాం” అన్నాను. పాస్‌పోర్టు పట్టుచీరల మడతల్లో పెట్టాను. రోజుకోసారి ఉందో లేదో చూస్తాను. ఎవరో ఎత్తుకుపోతే బాగుండునన్నట్టు.

ఆగస్టు 3, ఆదివారం

ఇంట్లో కాలు నిలవడం లేదు. లాడ్జికి వెళ్లాను. మస్తాన్ వలీ పాత ఆఫీసు గది తెరిచి సీజన్ పుస్తకం చూపించాడు. పడవ వెళ్లిన ప్రతిరోజూ ఏం కనిపించిందో రాసే లెడ్జరు. ఏప్రిల్ 11, వేల్ షార్కులు నాలుగు. ఏప్రిల్ 12, ఏడు. మే 30 తర్వాత అన్నీ తెల్లకాగితాలు.

“జూన్ నుంచీ ఏమీ లేవా?”

“ఎవురూ పోరు కదమ్మా సంద్రం మీదికి. సూసినోళ్లు లేనప్పుడు ఏం రాసేది?”

“ఏదో ఒకటి రాయొచ్చుగా. పోయినేడు చూసి.” ఎందుకన్నానో ఆ మాట.

ఆయన నావైపు వింతగా చూశాడు. “సూడకుండా రాస్తే అది కత అయిపాయ గదమ్మా.”

తలనొప్పిగా ఉందని చెప్పి వచ్చేశాను.

ఆగస్టు 9

“టికెట్లు అయిపోతాయి. రంజాన్ రద్దీ మొదలవుతుంది,” అన్నారు ఆయన పొద్దున టీ తాగుతూ.

“నన్ను పంపించేయాలని అంత తొందరేమిటి?”

“నాకేం తొందర? మేడమ్ మెయిలొచ్చిందని అడిగింది నువ్వే. మీ అమ్మగారు ఫోన్ చేసినప్పుడల్లా నేనేదో నిన్ను కట్టేసినట్టు మాట్లాడతారు. కట్టేశానా?”

“అలా ఎవరన్నారు?”

ఆయన కప్పు పెట్టేసి వెళ్లిపోయారు. సాయంత్రం దాకా ఆ కప్పు కడగలేదు నేను.

ఆగస్టు 14

ఇసుక గాలి. తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కాను. తీశాను. కుక్కాను.

ఆగస్టు 21, గురువారం

మొదటినుంచీ రాయాలి. ఒక్కటి కూడా మరిచిపోకూడదు.

పొద్దున ఆరింటికి వెనక గేటు దగ్గర మస్తాన్ వలీ కేకలు. “అమ్మా! ఏందో పెద్దది ఒడ్డుకు పడిండాది! సచ్చిపోయిండాది! బిరీన రాండి!”

అబాయా వేసుకుని పరిగెత్తాను. లాడ్జి దాటాక, రాళ్ల దగ్గర, సగం నీళ్లలో సగం ఇసుకలో. మొదట బోల్తా పడిన పడవ అనుకున్నాను. దగ్గరికెళితే వాసన ముందు, ఒళ్లు తర్వాత. వేల్ షార్కు కాదు. తోక అడ్డంగా ఉంది, చేపకైతే నిలువుగా ఉంటుంది. తిమింగలం. చుట్టూ తిరిగి తల వైపు వెళ్లాను. పైదవడ మీద పొడవుగా మూడు గట్లు, మధ్యది ఎత్తుగా, పక్కవి రెండూ తక్కువగా. ఒక్క జాతికే ఉంటాయి ఆ మూడు గట్లు. “బ్రైడ్స్ తిమింగలం,” అన్నాను పైకే. ఎవరితో అన్నానో.

వేలితో తడిమి చూశాను. నా జన్మలో పుస్తకంలో తప్ప చూడలేదు దాన్ని.

ఏడింటికి బలదియా జీపు, దాని వెనక మట్టి తవ్వే యంత్రం. మున్సిపాలిటీ అధికారి తెల్లటి బట్టలకు వాసనంటుతుందేమో అన్నట్టు దూరంగా నిలబడ్డాడు. మధ్యాహ్నపు జుహర్ నమాజుకు ముందే గొయ్యి తీసి పూడ్చేస్తారట. ఆడవాళ్లు ఇక్కడ ఉండకూడదన్నాడు. అంతవరకు నాకు అర్థమైంది. తర్వాత మస్తాన్ వలీ అరబ్బీలో గడగడా ఏదో చెప్పాడు. అందులో ‘దక్తూరా’, డాక్టరమ్మ, అన్న మాట రెండుసార్లు వినిపించింది. అధికారి నావైపు తిరిగి, “దక్తూరా?” అన్నాడు.

కాదని చెప్పలేదు. తల ఊపాను.

భర్త వచ్చి పక్కన నిలబడితే సరే, పదకొండు వరకే అన్నాడు. ఫోన్ చేశాను. ఆయన అప్పుడే షిఫ్టు దిగారు. రాత్రంతా నిద్రలేదు. వద్దంటారనుకున్నాను. “ఏం కావాలి?” అన్నారు.

“పొడవాటి టేపు. కాగితాలు.”

ప్లాంటు నుంచి ముప్పై మీటర్ల టేపు, రీడింగులు రాసే అట్ట, కాగితాలు తెచ్చారు. జాయ్సీకి కూడా ఫోన్ చేశాను. డ్యూటీకి పోతూ ఆస్పత్రి బండిలోనే వచ్చింది, చేతి తొడుగులు, మాస్కులు, బ్లేడు, రెండు స్పిరిట్ సీసాలు సంచిలో వేసుకుని. “దేవా! ఏవిటండీ ఉజ్వలగారూ ఇది! మా నర్సాపురం రేవులో కూడా ఇంతది చూడలేదండీ నేను.” ముక్కుకు గుడ్డ కట్టుకుని పది నిమిషాలు సీసాలు పట్టుకుని, మూతలు బిగించి ఇచ్చి వెళ్లింది.

నేను కొలిచాను. టేపు రెండో కొస మస్తాన్ వలీ పట్టుకున్నాడు. హేమసుందర్ రాశారు.

దవడ కొస నుంచి తోక మధ్య నొక్కు దాకా, తిన్నగా, పదకొండు మీటర్ల అరవై ఒకటి. దవడ కొస నుంచి కంటికి రెండూ పది. ఈదే రెక్క ఒకటీ ఇరవై ఏడు. గొంతు కింద గాడులు బొడ్డు దాకా ఉన్నాయి. పళ్లుండవు దానికి, దువ్వెన పళ్లలాంటి పలకలు. కుడివైపు లెక్కపెట్టగలిగినన్ని లెక్కపెట్టాను, నూట తొంభై, మిగతావి ఇసుకలో ఉన్నాయి. ఆడది. వీపు వెనక భాగంలో వరుసగా అయిదు గాట్లు, ఓడ అడుగున తిరిగే పంకా కోసినవి. చర్మం ముక్క ఒక సీసాలో, పలక ముక్క ఒక సీసాలో.

కెరటం వచ్చినప్పుడల్లా నా మాట వినబడేది కాదు. ఆయన ప్రతి అంకెకూ ఆపేవారు. “మళ్లీ చెప్పు. అరవై ఏడా, అరవై ఒకటా?” మళ్లీ కొలిచి చెప్పేదాన్ని. ఒకసారి విసుక్కున్నాను, ఏదో ఒకటి వేయండి అని. “వినబడనిది ఎలా వేస్తాను?” అన్నారు. ప్లాంటులో గంటగంటకూ మీటర్లు చూసి రాసే మనిషి. మధ్యలో రాళ్ల చాటుకు వెళ్లి వాంతి చేసుకుని, నోరు కడుక్కుని వచ్చి మళ్లీ అట్ట పట్టుకున్నారు. “ఊఁ, తర్వాత?”

పొట్ట కోసి ఏం తిన్నదో చూడలేదు. టైము లేదు. పదకొండుకు యంత్రం పని మొదలుపెట్టేసింది.

పన్నెండు కల్లా అక్కడ ఇసుక తప్ప ఏమీ లేదు. అధికారి జీపెక్కుతూ “షుక్రన్, దక్తూరా” అన్నాడు. ఆయన నావైపు చూసి నవ్వారు, గర్వంగా.

నేను తల దించుకున్నాను.

ఆగస్టు 22

చేతుల వాసన పోలేదు. నిమ్మకాయతో రుద్దాను, శనగపిండితో రుద్దాను.

రాయాలి. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పటికీ రాయను.

పెళ్లి వల్ల నా చదువు ఆగలేదు. మూడో ఏడు వానాకాలంలో రెండు నెలలు నేను ఒడ్లు నడవలేదు. ఆ కాలంలో ఏమీ కొట్టుకురాదు, ఎవరు చూడొచ్చారు అనుకున్నాను. హాస్టల్లో మంచం మీద కూర్చుని, ముందటేడు అంకెలు చూసి, కొంచెం అటూఇటూ చేసి నింపేశాను. ఆగస్టుకు మూడు, సెప్టెంబరుకు రెండు. వాటికి పొడవులు కూడా రాశాను. పుట్టని డాల్ఫిన్లకు కొలతలు.

సెమినార్‌లో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దాయన, చాలా మెత్తగా అడిగాడు. “ఆ ఆగస్టులో వరదకు కళింగపట్నం రోడ్డు తెగిపోయింది కదమ్మా, మూడు వారాలు బస్సులే లేవు. నువ్వెలా వెళ్లావు?” చేతిలో కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పాను. బాలామణి మేడమ్ లేచి, అమ్మాయికి ఒంట్లో బాగాలేదని చెప్పి ఆపేశారు. మర్నాడు నేను డిపార్ట్‌మెంటుకు వెళ్లలేదు. ఇంక వెళ్లనే లేదు. పదిరోజులకు హేమసుందర్ వాళ్లు చూసుకోవడానికి వచ్చారు. వెంటనే సరేనన్నాను. పెళ్లి కుదిరింది కాబట్టి మానేశానని అందరికీ చెప్పాను. అమ్మకీ, మేడమ్‌కీ, ఆయనకీ.

ఇన్నాళ్లూ పాస్‌పోర్టు దాచింది అందుకు.

ఆగస్టు 24, ఆదివారం

మధ్యాహ్నం భోజనంలో చెప్పేశాను. వంకాయ కూర వడ్డిస్తూ మొదలుపెట్టాను, గరిటె చేతిలో అలాగే ఉంది.

ఆయన అంతా విన్నారు. “అంటే పెళ్లి వల్ల కాదు.”

“కాదు.”

“మేం వచ్చేటప్పటికే మానేశావు.”

“పది రోజుల ముందు.”

కంచంలోనే చేయి కడుక్కున్నారు. అలా ఎప్పుడూ చేయరు. “పెళ్లయిన కొత్తలో మీ అమ్మగారు నన్ను పక్కకు పిలిచి ఏమన్నారో తెలుసా? ‘బంగారంలాంటి చదువు ఆపించేశారు బాబూ, పిల్లనైనా కష్టపెట్టకండి’ అన్నారు. నేనేం ఆపించలేదని నోటిదాకా వచ్చింది. మళ్లీ, నిజమే కదా అనుకున్నా. సౌదీలో ఉద్యోగం నాది. నాకోసమేగా వదిలేసింది అని. ఆరేళ్లు, ఉజ్వలా. ఈ ఊరికి ఎందుకు అడిగి మరీ వచ్చాననుకున్నావు? నీకేదో బాకీ ఉన్నానని.”

“క్షమించండి” అన్నాను. ఆ మాట గదిలో చాలా చిన్నగా వినబడింది.

“నాకు చెబితే పోయేదేముంది? మొదటి రోజే చెప్పినా పెళ్లి చేసుకునేవాణ్ని.”

షిఫ్టుకు ఇంకా మూడు గంటలున్నా వెళ్లిపోయారు.

ఆగస్టు 25

మాటల్లేవు.

ఆగస్టు 26

లేవు. అన్నం తిన్నారు. ఉప్పు ఎక్కువైందని నాకే తెలిసింది, ఆయన ఏమీ అనలేదు.

ఆగస్టు 27

సంచి సర్దాను. విప్పాను.

ఆగస్టు 28, గురువారం

“ఒకటే అడుగుతాను,” అన్నారు పొద్దున. “నాకు సారీలు అక్కర్లేదు. మీ అమ్మగారికి నువ్వే చెప్పు. నేను ఇంట్లో ఉండగా చెప్పు.”

అమ్మకా? అమ్మ ఊరంతా చెప్పుకుంది, మా అమ్మాయి డాక్టరేటు చేయాల్సింది, అల్లుడు చేయనివ్వలేదు అని. ఆవిడకు చెప్పడం కంటే ఆ తిమింగలాన్ని ఒంటరిగా గొయ్యిలోకి తోయడం తేలిక.

సరేనన్నాను.

ఆగస్టు 29, శుక్రవారం

పది గంటలకు చేశాను. ఆయన ఎదురుగా కుర్చీలో, పేపరు చేతిలో ఉంది గాని చదవడం లేదు. స్పీకర్ పెట్టాను.

మొత్తం చెప్పాను. మధ్యలో రెండుసార్లు లైను పోయిందేమో అనుకున్నాను.

“ఏటమ్మా నువ్వు చెప్తున్నది?” అంది అమ్మ చివరికి. “చూడకుండానే రాసీసినావా?”

“రాసేశాను.”

“మరి ఆ అబ్బాయినేటి, ఇన్నాళ్లూ...” ఆగిపోయింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ కాదు. “అల్లుడుగారున్నారా? ఫోనివ్వు.”

ఆయన స్పీకర్ ఆపేసి చెవికి పెట్టుకున్నారు. అవతలి మాటలు నాకు వినబడలేదు.

“చెప్పండత్తయ్యగారూ... లేదండి... అయ్యో, అంత మాటెందుకండీ, పెద్దవారు... పర్వాలేదండి... లేదు, ఇంకా టిఫిన్ అవలేదు... ఉంటానండి.”

ఫోన్ బల్ల మీద పెట్టారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత, అయిదు రోజుల మీద మొదటిసారి మామూలు గొంతుతో: “టీ నువ్వు పెడతావా, నన్ను పెట్టమంటావా?”

సెప్టెంబరు 2, మంగళవారం

నిన్నటి నుంచి రంజాన్. పగలంతా ఊరు మూసేసినట్టుంది.

మేడమ్‌కు ఫోన్ చేశాను. తిమింగలం కొలతలు వారం క్రితమే పంపాను. అవి అందాయి, చాలా సంతోషం అంటున్నారు ఆవిడ. ఆపి, చెప్పాను. అటువైపు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడింది.

“నీకు నిజంగానే ఒంట్లో బాగాలేదనుకున్నాను నేను ఆ రోజు,” అన్నారు. “ఆలోచించుకోవాలి” అని పెట్టేశారు.

సెప్టెంబరు 5

మెయిల్ లేదు. పొద్దున మూడుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూశాను.

సెప్టెంబరు 7

లేదు. ఆయన అయినా టికెట్ తీసేశారు, పద్దెనిమిదికి. “ఆవిడ రావద్దంటే మీ అమ్మగారిని చూసి రా. అదీ పనేగా,” అన్నారు.

సెప్టెంబరు 10, బుధవారం

వచ్చింది. ఉన్నదున్నట్టు రాసుకుంటాను.

‘ఉజ్వలా, ఆ రెండు నెలలే కాదు, నీ మూడేళ్ల రికార్డూ పనికిరాదు. ఏది చూసి రాశావో, ఏది చూడకుండా రాశావో నీకు తప్ప ఎవరికీ తెలియదు. అలాంటి దాని మీద నేను సంతకం పెట్టలేను. రీ-రిజిస్ట్రేషన్ కుదరదు. రావాలనుకుంటే కొత్తగా దరఖాస్తు చేసి, మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టు. నాకున్న మూడేళ్లు సరిపోతాయని మాట ఇవ్వను. తిమింగలం కాగితం మళ్లీ చూశాను. పొట్ట చూడలేదు, టైము లేదు అని రాశావు. ఎడమ పలకలు లెక్కపెట్టలేదు అని రాశావు. ఆ ఒక్క కాగితం నమ్ముతాను.’

ముప్పై రెండేళ్ల వయసులో మొదటి ఏడాది! ఇరవై మూడేళ్ల పిల్లల పక్కన.

మెయిల్ చదివి ఆయన, “మూడేళ్లు పోయాయన్నమాట” అన్నారు.

“మీవి ఆరు.”

“ఊఁ. ఆరు.” మెయిల్ మూసేసి, “వెళతావా?”

“వెళతాను.” ఇంత తొందరగా జవాబు చెప్పి ఎన్నాళ్లయిందో.

సెప్టెంబరు 18, గురువారం, జెద్దా ఎయిర్‌పోర్ట్

బయల్దేరేముందు మస్తాన్ వలీ గేటు దాకా వచ్చాడు. “మార్చికి వస్తారా అమ్మా? ఈసారి సూపిస్తా.” రీఎంట్రీ గడువు మార్చి దాకానే. వస్తానని చెప్పేస్తే ఆయన సంతోషపడేవాడు. “తెలియదు వలీగారూ” అన్నాను.

హేమసుందర్ సామాను తూకం వేయించి, సీసాలున్న పెట్టెకు ఇంకో చుట్టు టేపు వేయించారు. లోపలికి వెళ్లే చోట ఆగి, “మార్చి లోగా రాకపోతే వీసా పోతుంది. అది తెలుసుగా?” అన్నారు.

“తెలుసు.”

“పోతే మళ్లీ చేయించాలి. లేకపోతే నేనే అటు రావాలి. చూద్దాం.” నా భుజం మీద బ్యాగు పట్టీ సరిచేశారు. “వెళ్లు. లైను పెరిగిపోతోంది.”

గాజు తలుపు అవతల చాలాసేపు నిలబడే ఉన్నారు. చేయి ఊపలేదు. నేనూ ఊపలేదు.

అక్టోబరు 17, శుక్రవారం, విశాఖపట్నం

సీటు వచ్చింది. హాస్టల్ గదిలో ఇద్దరు అమ్మాయిలు నన్ను ‘ఆంటీ’ అనబోయి ‘అక్కా’ అంటున్నారు. మేడమ్ ఇంకా నాతో పొడిగానే ఉన్నారు. నడకకు వెళ్లిన రోజు నా ఫీల్డ్ పుస్తకం తీసుకుని ప్రతి పేజీ చివర తేదీ వేసి సంతకం పెడతారట. పెట్టనీ.

ఇవాళ భీమిలి నుంచి మొదటి ఏడు కిలోమీటర్లు నడిచాను. రాత్రి అమ్మ దగ్గరే ఆగాను; తెల్లవారుజామునే లేచి పులిహోర కట్టి ఇచ్చింది. కాళ్లు బొబ్బలెక్కాయి.

మధ్యాహ్నం ఆయన ఫోన్. ఆయనకివాళ సెలవు.

“పొద్దున లాడ్జి నుంచి మన ప్లాంటు గోడ దాకా నడిచాను. ఊరికే కాదు, కాగితం పట్టుకుని. మస్తాన్ వలీ కూడా వచ్చాడు. ఒక తాబేలు డిప్ప ఉంది, కొలిచాం, డెబ్బై నాలుగు సెంటీమీటర్లు. డాల్ఫిన్లేమీ లేవు. లేవని రాయొచ్చా?”

“రాయాలి.”

“రాశాను. ఇంకేం రాయాలి?”

“తేదీ, టైము, ఎంత దూరం నడిచారు, సముద్రం పోటు మీదుందా పాటు మీదుందా. గాలి ఎటునుంచి.”

“గాలి పడమర నుంచి,” అన్నారు వెంటనే. మళ్లీ, “కాదు, ఉండుండు. ఇంట్లో కూర్చుని చెబుతున్నాను. బయటికెళ్లి చూసొస్తా.”

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు. చెప్పులు వేసుకున్న చప్పుడు. తలుపు. నేను ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే ఉన్నాను.